రెండు వేళ్ళ కింద గీత

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేశాడంటే ఏదో ఒకటి చెడిందని అర్థం. అన్నీ బాగున్నప్పుడు వాడికి ఈ అత్త గుర్తు రాదు. ఈసారి చెడింది వాడి బండి. పాత చిన్న లారీ ఒకటి కొని, చక్రాల పైన బరువు మోసే కమాను పట్టీలు కొన్ని తీయించి, నేలకు ఆనుతుందా అన్నంత కిందికి దింపించాడట. ఎందుకురా అంటే స్టైలు అన్నాడు. ఫొటో కూడా పంపాడు. నీలం రంగు కొట్టించి, ముందు అద్దానికి కుచ్చులు కట్టి, పెళ్ళికొడుకులా పెట్టుకున్నాడు దాన్ని. "చూడనీకి మంచిగనే ఉందత్తా, కానీ ముందు టైర్లు మడ్గార్డుకు రాస్తున్నయ్. రిమ్ములు మార్చాల్నా, టైర్లు మార్చాల్నా? మామనడిగితే మీ అత్తనడుగు అన్నడు" అన్నాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టుకొని ఉన్నాను. "కొలతలు తీసినప్పుడు బండిలో లోడు ఉందారా?" అని అడిగాను. "ఖాళీదేనత్తా" అన్నాడు గొంతు తగ్గించి. నాకు నవ్వు ఆగలేదు. ఏవైనా పది బస్తాలు వేసుకొని ఇంటికి రా, అప్పుడు చూద్దాం అని చెప్పి ఫోన్ పెట్టేసేసరికి పాలు పొంగి పొయ్యంతా పారాయి. వరండాలో పేపరు వెనకాల ఉన్న మా ఆయన అంతా వింటూనే ఉన్నాడు. "మనోడిది గూడ ఖాళీ బండేనా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పాలు తుడవడం మాత్రం నా వంతే అయింది.

మాది చండ్రుగొండ. అంటే మా ఆయనది. నా పుట్టిల్లు ఎర్రుపాలెం వైపు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను "ఏమండీ, వచ్చారా" అంటే మా అత్తయ్య ఇరుగుపొరుగును పిలిచి మరీ వినిపించేది, "మా కోడలు రేడియో లెక్క మాట్లాడతది" అని. పాతికేళ్ళు నాతో ఉండి ఆవిడ మాట ఒక్కటి కూడా మారలేదు కానీ నాది సగం మారింది. ఇప్పుడు పుట్టింటికి పోతే వాళ్ళు నవ్వుతారు. సరే, చెప్పొచ్చేది ఏమిటంటే, రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు మాకూ ఒక చిన్న లారీ ఉండేది. దాంట్లో ఉప్పు, ఉల్లిగడ్డ, బెల్లం, ఎండుచేపలు వేసుకొని వారానికి ఐదు సంతలు తిరిగేవాళ్ళం. భద్రాచలం వైపు పోయి, రోడ్డు దిగి, అడవిలోకి పోతే వచ్చే ఊళ్ళ సంతలు. అక్కడివాళ్ళు ఇప్పపువ్వు, చింతపండు, కొండచీపుళ్ళు తెచ్చి అమ్ముకొని, మా దగ్గర ఉప్పూ ఉల్లీ కొనుక్కొని పోయేవాళ్ళు. వాళ్ళ భాష వేరు. నేను ఉప్పు తూస్తూ తూస్తూ నేర్చుకున్నాను. మొదట్లో తప్పులు మాట్లాడితే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి, మళ్ళీ సరిగ్గా చెప్పించేవాళ్ళు. వాళ్ళు ఎంత నవ్వితే నాకు అంత తొందరగా వచ్చింది. మా ఆయనకు మాత్రం బండి తోలడం తప్ప రెండో విద్య రాదు. బేరం అసలే రాదు. ఎవరైనా ఇంకో పిడికెడు వెయ్యన్నా అంటే రెండు పిడికిళ్ళు వేసి, ఇంకా సరిపోలేదేమోనని వాళ్ళ మొహం చూసేవాడు. అందుకని త్రాసు నా చేతిలో ఉండేది, స్టీరింగు ఆయన చేతిలో ఉండేది. ఆ త్రాసు పట్టుకొని కూర్చున్నంతసేపూ నేనొక మనిషినని నాకు గట్టిగా అనిపించేది. ఇంట్లో ఎప్పుడూ అంత అనిపించలేదు.

లారీ ఎక్కే పద్ధతి ఒకటి చెప్పాలి. తలుపు కింద కాలు పెట్టడానికి ఇనుప పట్టె ఉంటుంది కానీ, అది మోకాలెత్తుకు వస్తుంది. చీర కట్టుకొని దాన్ని అందుకోవడం కష్టం. అందుకని సంతల్లో తిరిగే ఆడవాళ్ళం ముందు టైరు మధ్యలో బోల్టుల మీద ఒక కాలు పెట్టి, అద్దం కడ్డీ పట్టుకొని, ఒక్క ఊపున పైకి లేచేవాళ్ళం. దిగడం కూడా అట్లాగే. ఒక వానాకాలం సంతలో దిగుతుంటే బురద టైరు మీద కాలు జారింది. తొడ ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాలో రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం మీద ఉన్నాను, ఇంకో రెండు నెలలు కర్ర పట్టుకొని తిరిగాను. ఆ తర్వాత నడక వచ్చింది, పని వచ్చింది, బస్తా ఇటునుంచి అటు జరపడం కూడా వచ్చింది. కుడికాలు ఎత్తడం ఒక్కటే రాలేదు. ఎంత బలం పెట్టినా జానెడు పైకి లేచి, ఆగిపోయేది. నాకు దాని మీద వచ్చినంత కోపం మనుషుల మీద కూడా ఎప్పుడూ రాలేదు.

అయినా సంతకు బయల్దేరాను. ఇంటి దగ్గర స్టూలు వేసుకొని ఎక్కాను, ఎవరూ చూడలేదు. సాయంత్రం సంత ఎత్తేటప్పుడు చూస్తే స్టూలు తేవడం మర్చిపోయాం. మా ఆయన ముందు నుంచి చేతులు పట్టుకున్నాడు, బస్తాలు మోసే అతను వెనక నుంచి ఎత్తాడు. ఉప్పు బస్తాను ఎక్కించినట్టే ఎక్కించారు. నలుగురు కుర్రాళ్ళు నవ్వారు, వాళ్ళ సంగతి వదిలెయ్యండి. నా దగ్గర ప్రతివారం ఉప్పు కొనే ఒక ముసలవ్వ ఉండేది. నాకు భాష నేర్పిన వాళ్ళల్లో ఆవిడే పెద్ద. ఆవిడ నన్ను చూసి నవ్వలేదు, మొహం పక్కకు తిప్పుకుంది. నా బదులు ఆవిడ సిగ్గుపడింది. అది తట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చి దిగాక చెప్పాను, ఇంక నేను రాను అని. మరుసటి వారం నుంచి స్టూలు తాడుతో కట్టి పెడతానన్నాడు మా ఆయన. కానీ స్టూలు వేసేదీ తీసేదీ ఇంకొకరు కదా. పదిమంది మధ్య స్టూలు కోసం చెయ్యి చాపి నిలబడటం నాకిష్టం లేదు. నేనే ఎక్కాలి. లేదంటే ఇంట్లోనే ఉంటాను. నా మొండితనం అలాంటిది.

నా బదులు మా అత్తయ్య సంతకు పోయింది. "నువ్వు ఇంట్ల కూసో పిల్లా, త్రాసు పట్టుడు నాకు రాదా ఏంది" అని బయల్దేరింది. భాష తెలియదు, వినపడేది తక్కువ, కోపం ఎక్కువ. మూడు సంతలు తిరిగేసరికి సగం సంతతో తగాదా పెట్టుకొని వచ్చింది. నాలుగో వారం నా వాడుకదార్లు మా ఆయన్ని అడగడం మొదలుపెట్టారట, ఆమె ఏది, ఎప్పుడొస్తది అని. ఆ సంగతి ఆయన అన్నం తింటూ మామూలుగా చెప్పినట్టు చెప్పి, చెయ్యి కడుక్కొని బయటికి పోయాడు. పోయినవాడు బండి కింద దూరాడు. పట్టె ఒక్కటే కిందికి దింపితే అక్కణ్ణుంచి సీటు అందదు. మనిషిని ఎత్తడం కుదరకపోతే బండిని దింపాలని ఆయనకు అప్పుడే తట్టింది.

మా ఊళ్ళోనే ఒక మెకానిక్ చేత కమాన్లలో రెండేసి పట్టీలు తీయించాడు. బండి నాలుగు వేళ్ళు దిగింది. అందరం చుట్టూ తిరిగి చూశాం, బాగుంది అనుకున్నాం. మరుసటి రోజు ఉప్పు బస్తాలు వేసి బయల్దేరితే మొదటి మలుపులోనే గర్రుమని చప్పుడు, రబ్బరు కాలుతున్న వాసన. టైర్లు మడ్గార్డుకు రాసుకుంటున్నాయి. పక్కన కూర్చున్న మా అత్తయ్య ఎండుచేపలు కాలుతున్నాయని దారంతా వెనక్కి తిరిగి చూసిందట. ఆ తర్వాత ఎవరో చిన్న టైర్లు వేయమన్నారు. వేశాడు. రాపిడి పోయింది, బండి ఇంకా దిగింది, నాకు ఆశ కూడా పుట్టింది. ఆ వారమే అడవిలో వాగు దాటుతుంటే బండి పొట్ట రాయి మీద కూర్చుంది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. పైన ఎక్కడో వాన పడి నీళ్ళు పెరిగాయి. ఊళ్ళోవాళ్ళు వచ్చి తాళ్ళు వేసి లాగేసరికి కింది వరస ఉప్పు బస్తాలు సగానికి సగం కరిగిపోయాయి. మా అత్తయ్య ఆ వాగులో చేపలు పట్టి వండితే ఉప్పు వేయక్కర్లేదని చాన్నాళ్ళు అంటుండేది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. మా ఆయన బట్టలన్నీ బురదతో వచ్చి, గుమ్మంలో కూర్చొని, "మళ్ళ ఎప్పటి లెక్కనే చేపిస్త బండిని" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. బండి మళ్ళీ పైకి లేస్తే నేను శాశ్వతంగా ఇంట్లోనే అని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నేను సరే అన్నాను. ఆ సరే అనడానికి నాకు ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది.

ఆశ్చర్యం ఏమిటంటే, వద్దన్నది మా అత్తయ్య. అంతవరకూ ఇంట్లో కూర్చోమన్న మనిషే. "ఖమ్మంల రిమ్ములు చేసే సాయిబు ఉన్నడు గద, మీ నాయన ఎడ్లబండికి రబ్బరు టైర్లు ఏపిచ్చింది ఆయన దగ్గర్నే. ఓసారి పోయి అడుగు. నేను ఇగ సంతకు పోలేను, నా నడుములు పోతున్నయ్" అంది. నడుముల సంగతేమో గానీ, ముసలవ్వ నన్నడుగుతూ మా అత్తయ్య చేతిలో ఒక తేనె సీసా పెట్టిందని, దాన్ని ఈవిడ వారం రోజులు బియ్యం డబ్బాలో దాచిందని తర్వాత తెలిసింది.

ఆ సాయిబును అందరూ చాచా అనేవాళ్ళు. తాతల కాలం నుంచి చక్రాల పనేనట వాళ్ళది. మొదట బండి చక్రాలకు ఇనుప పట్టాలు, తర్వాత రిమ్ములు. మా ఆయన ఒక్కడే బండి తీసుకొని పోయాడు. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు, మొహం మాడ్చుకొని. ఏమైందంటే చెప్పాడు. చాచా బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఖాళీ బండి తెచ్చినవా అని అడిగాడట. కొలతల కోసమే కదా అన్నాడట ఈయన. "ఖాళీ బండి అబద్ధం చెప్తది తమ్మి. నువ్వు సంతకు ఎట్ల పోతవో గట్ల రా. బస్తాలు తే. కూసునేటోళ్ళను తే. ఎవరి కాలు కోసం చేపిస్తున్నవో ఆ మనిషిని ముందుగాల తే" అన్నాడట. మా ఇంట్లో అంతవరకూ జరిగిన తప్పంతా అదే. ఖాళీ బండిని ఇంటి ముందు నిలబెట్టి కొలిచాం, నిండా బస్తాలతో అడవిలో నడిపాం. ఎవరికీ తట్టలేదు.

అట్లా ఒక మంగళవారం మేం ముగ్గురం, ఇరవై ఉప్పు బస్తాలు, ఉల్లిగడ్డల గోనెలు, ఎండుచేపల బుట్టలు ఖమ్మం పోయాం. అమ్మడానికి కాదు, తూకానికి. చాచా సన్నగా, తెల్లగడ్డంతో, చెవి మీద చాక్‌పీస్ పెట్టుకొని ఉన్నాడు. బండి వైపు చూడలేదు. ముందు నన్ను పిలిచాడు. గోడ దగ్గరికి తీసుకుపోయి, "బేటీ, కుడికాలు ఎంత లేస్తదో లేపి గోడకు ఆనియ్యి" అన్నాడు. నేను గోడ పక్కన ఉన్న ఇనుప స్తంభం పట్టుకున్నాను. మా ఆయన చూస్తున్నాడు, అత్తయ్య చూస్తోంది, దుకాణంలో పనివాళ్ళు చూస్తున్నారు. ఇంతమందిలో తక్కువ ఎత్తడం నాకు నచ్చలేదు. స్తంభాన్ని గుంజి, నడుము పక్కకు వంచి, పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకొని ఎత్తాను. కాలు జానా ఆరు వేళ్ళు లేచింది. నాకే ఆశ్చర్యమేసింది. పాదం దగ్గర చాక్‌పీస్ గీసిన చప్పుడు వినిపించాక దింపి, రొప్పుతూ బెంచీ మీద కూలబడ్డాను. "షాబాష్" అన్నాడు చాచా. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ గీత నుంచి వెనక్కి లెక్క మొదలైంది. తలుపు కింది పట్టె ఆ గీత దగ్గర ఉండాలి. అంటే బండి ఎంత దిగాలి, దాంట్లో కమాన్లతో ఎంత, టైర్లతో ఎంత. టైరు మరీ చిన్నదైతే మళ్ళీ వాగులో రాయి మీద కూర్చుంటాం. పెద్దదైతే మడ్గార్డుకు రాస్తుంది. పాతదానికీ చిన్నదానికీ మధ్య సైజు ఒకటి ఎంచాడు. ఇంక మిగిలింది రిమ్ము. ఇక్కడ చాచా పద్ధతి చూడాలి. రిమ్మును బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, ఆ కర్ర నుంచి బోల్టులు బిగించే పళ్ళెం దాకా స్కేలుతో లోతు కొలిచేవాడు. ఆ లోతు తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొచ్చి మడ్గార్డు అంచుకు తగులుతుంది. ఎక్కువైతే లోపలికి పోయి కమానుకు రాస్తుంది. మూడు రిమ్ములు తీశాడు. మూడూ చూడటానికి ఒకటే, లోతులు మాత్రం వేరు. ఒక్కోటీ బిగించి, చక్రాన్ని ఇటుకల మీదికి ఎక్కించి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి చూశాడు. ఎక్కడ రాస్తుందో తెలియడానికి మడ్గార్డు లోపల తడిపిన చాక్‌పొడి పూసేవాడు. రెండో రిమ్ముకే అది అయిపోయింది. అప్పుడు ఉప్పు బస్తాల మీద కూర్చున్న మా అత్తయ్య, "నన్ను తూకపు రాయి చేసిన్రు, ఇగ ఇది గూడ తీస్కోన్రి" అని తన సున్నం డబ్బా ఇచ్చింది. ఆకు వేసుకోవడానికి చిటికెడు కూడా మిగల్లేదని వారం రోజులు సణిగింది కానీ, ఇచ్చింది మాత్రం ఎవరూ అడక్కుండానే.

మొదటి రిమ్ముకు టైరు అంచంతా తెల్లగా అయింది. రెండోది బయట ఎక్కడా అంటలేదు కానీ, కుడివైపు పూర్తిగా తిప్పితే లోపల కమానుకు రాసి కిర్రుమంది. మూడోది బిగించేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ దాటింది. ఇటుకలు ఎక్కించాడు, తిప్పించాడు, దించాడు. టైరు నల్లగానే ఉంది. లోపల కమానుకూ టైరుకూ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూపించాడు. వెనక కమానులో తీసేసిన పట్టీల్లో ఒకదాన్ని మళ్ళీ పెట్టించి, బండి పొట్ట కింద ఇటుక నిలువుగా పెట్టి, అది తగలకుండా బండిని దాని మీదుగా నడిపించాడు. ఆ తర్వాత తలుపు కింది పట్టెను కోసి, కాస్త దించి అతికించాడు. మా ఆయన ఎప్పుడూ ఎవరి ముందూ చేతులు జోడించిన మనిషి కాదు. ఆ రోజు జోడించాడు. చాచా ఆ చేతులు పట్టుకొని దింపేసి, "జల్దీ పోన్రి, ఎండుచేపల వాసనకు గల్లీల పిల్లులన్నీ నా దుకాణం ముంగటికే వస్తున్నయ్" అన్నాడు.

ఖమ్మంలో కూడా వెంట తెచ్చుకున్న స్టూలు మీంచే ఎక్కాను, ఇంటి దగ్గర ఎక్కి చూడమన్నా ఎక్కలేదు. సంతలోనే ఎక్కుతానన్నాను. సంత రోజు పొద్దున కూడా ఇంటి ముందు స్టూలు మీంచే ఎక్కి పోయాను. మొండితనం అని చెప్పాను కదా. ఆ రోజు సంత ఎట్లా జరిగిందో నాకు గుర్తులేదు, చేతులు వాటంతట అవే తూశాయి. ముసలవ్వ వచ్చి, నా గడ్డం పట్టుకొని, చిక్కిపోయావు అంది వాళ్ళ మాటల్లో. సాయంత్రం సామాను ఎక్కించాక నేను తలుపు దగ్గరికి పోయాను. మా ఆయన బండికి అవతలి పక్కన తాడు ముడి బిగిస్తున్నాడు. ఆ ముడి అంతకు ముందే బిగించాడు, నేను చూశాను. తలుపు పిడి పట్టుకున్నాను, కాలు ఎత్తాను, పట్టె కాలి కిందికి వచ్చింది. అంత తేలికగా వస్తుందని అనుకోలేదు. ఒత్తి పైకి లేచాను. సీట్లో కూర్చున్నాను. అంతే. అద్దంలోంచి బయటికి చూశాను. నవ్విన కుర్రాళ్ళు జిలేబీ బండి దగ్గర ఉన్నారు. ముసలవ్వ చీపుళ్ళవాడితో బేరం ఆడుతోంది. ఒక్కరూ నా వైపు చూడటం లేదు. చూడటానికి అక్కడ ఏమీ లేదు, ఒక ఆడమనిషి లారీ ఎక్కింది. నా పెళ్ళినాడు కూడా నేను అంత సంతోషపడలేదు. మా ఆయన చుట్టూ తిరిగి వచ్చి, నన్ను సీట్లో చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత "పోదామా?" అన్నాడు. "ఊ" అన్నాను.

ఆ బండికి సంతల్లో కూసున్న బండి అని పేరొచ్చింది. తొమ్మిదేళ్ళు తిరిగింది. ముసలివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు దవాఖానాకు పోవాలంటే ఈ బండే కావాలనేవాళ్ళు, ఎక్కడం తేలిక కాబట్టి. మా అత్తయ్య చివరి రోజుల్లో ఖమ్మం పోయిందీ దాంట్లోనే. బండి అమ్మేసిన ఏడు మేమిద్దరం చాచాను చూడటానికి పోయాం. చూపు తగ్గింది, దుకాణం కొడుకు చూస్తున్నాడు. నేను గొప్పగా చెప్పాను, "ఆ రోజు నేను సరిగ్గా కాలెత్తి చూపించబట్టే కదా చాచా, అంత సరిపోయింది" అని. చాచా గడ్డంలోనే నవ్వాడు. "నువ్వు చూపిచ్చింది నీ పౌరుషం బేటీ. స్తంభం గుంజి గుంజి లేపినవ్. రోజు సంతల స్తంభం ఎవరిస్తరు నీకు? నేను రెండు వేళ్ళు కిందికి గీసిన" అన్నాడు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. ఆ రోజు ఆయన నా పక్కనే ఉన్నాడు, చాచా చెయ్యి కిందికి జరగడం చూశాడు. తొమ్మిదేళ్ళు నేను సంత సంతకూ నా కొలత గురించి గొప్పలు చెప్పుకుంటుంటే పక్కన నిలబడి విన్నాడు, ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. దారిలో తిట్టాను. తిడుతూనే ఆయన చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

ఇంక మొన్నటి సంగతి. మేనల్లుడు చెప్పినట్టే సాయంత్రం పది సిమెంటు బస్తాలు వేసుకొని వచ్చాడు. బరువుకు బండి ఇంకా దిగి, టైరు మడ్గార్డులో సగం దూరింది. రిమ్ము ఒకటి విప్పించి, బోర్లా వేయించి, చీపురుకట్ట అడ్డం పెట్టి లోతు కొలిచి చూపించాను. బయటికొచ్చిన చక్రం, ఇంకా లోతున్న రిమ్ము కావాలిరా అన్నాను. వాడు నోరు తెరిచి చూశాడు. నాకు లోపల కొంచెం పొగరు వచ్చిన మాట నిజమే. పని అయ్యాక వాడు మామ దగ్గర కూర్చొని, "రిమ్ములు మార్చినంక నిన్ను సంతకు తీస్కపోత మామా, ఓసారి అడవి దిక్కు చూసొద్దాం" అన్నాడు. మా ఆయన మోకాళ్ళు పోయి రెండేళ్ళయింది. ఆటో ఎక్కాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. అందుకే ఎక్కడికీ రాడు, పెళ్ళిళ్ళకు కూడా. రమ్మంటే ఎండ ఎక్కువ అంటాడు, వాన వచ్చేట్టుంది అంటాడు. "నాకెందుకురా ఇప్పుడు సంతలు" అన్నాడు. కానీ అంటూనే బండి తలుపు వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

"తలుపు కింద పట్టె ఒకటి ఏపిస్త మామా. కాలు ఎంత లేస్తదో చెప్పు" అన్నాడు వాడు. నేను లోపలికి పోయి, పక్కింటి పిల్లలు వదిలేసిన చాక్‌పీస్ ముక్క తెచ్చాను. మా ఆయన గేటు స్తంభం పక్కన గోడ దగ్గర నిలబడ్డాడు. మేనల్లుడు చూస్తున్నాడు, ఎదురింటి వాళ్ళు చూస్తున్నారు. ఆయన స్తంభం పట్టుకున్నాడు. పట్టుకున్న చేతి నరాలు తేలాయి. నడుము పక్కకు ఒరిగింది, కళ్ళు మూసుకున్నాడు, కాలు లేచింది. ఎంతో లేచింది. నేను కింద కూర్చొని, ఆ పాదానికి రెండు వేళ్ళ కింద గీత గీశాను. కాలు దింపి, రొప్పుతూ, ఆయన కళ్ళు తెరిచి గీతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఈ పని ఏమిటో లోకంలో చాచాకూ నాకూ కాక ఇంకెవరికైనా తెలుసంటే అది ఆయనకే.

"షాబాష్" అన్నాను నేను. ఆయన మొహం పక్కకు తిప్పుకొని, తువ్వాలు తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళ కింద నా కాలి కింద గీసిన గీత ఇన్నాళ్ళు తిరిగి తిరిగి ఆయన కాలి కిందికి వచ్చింది. ఈసారి చూడనట్టు నిలబడి, బిగించిన ముడే మళ్ళీ బిగించే వంతు నాది.